గృహవైద్య ప్రసంగములు: కీమోథెరపీ చికిత్స, ఇంటివారి కర్తవ్యము

గత మాసమున పసిబిడ్డల దగ్గును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము వానకాలపు జ్వరములను గూర్చి వ్రాయ సంకల్పించి కలము పట్టుకొనుసరికి ఒక సోదరి జాబు నా చేతికి వచ్చినది. అది చదివిన పిమ్మట తక్కిన సంగతులన్నియు వచ్చే మాసమునకు వాయిదా వేయక తప్పలేదు.

ఆ సోదరి తల్లిగారికి రొమ్ములో గడ్డ కానవచ్చినదట. పరీక్షలు చేసి కేన్సరని నిర్ణయించినారట. వచ్చే వారము నుండి కీమోథెరపీ ఆరంభమగునట. "అమ్మ బెదిరిపోవునని నాన్నగారును అన్నయ్యయు ఆమెకు ఏమియు చెప్పలేదు. బలమునకు సెలైను ఎక్కింతురని మాత్రము చెప్పినారు. ఏమి జరుగునో నాకును తెలియదు. జుట్టు ఊడునని, వాంతులగునని, మనిషి దక్కుట కష్టమని ఇరుగుపొరుగువారు చెప్పుచున్నారు. నేనేమి చేయవలెను?" అని ఆమె వ్రాసినది.

నేను వైద్యురాలను గాను. ఒక బడిపంతులుగారి ఇల్లాలను. చిన్ననాడు మా తాతగారి యొద్ద చదివికొన్న నాలుగు కావ్యములే నా చదువు. అయినను 2022వ సంవత్సరమున మా పెద్ద తోడికోడలికి ఇదే వ్యాధి వచ్చినప్పుడు ఆరు మాసములు ఆమె వెంట ఆసుపత్రికి తిరిగినదానను. అక్కడి వైద్యులు చెప్పినదియు, నర్సులు నేర్పినదియు, పిదప చదివి తెలిసికొన్నదియు, అన్నిటికంటె మిన్నగా నా పొరపాటు వలన నేర్చుకొన్నదియు నేడు మీ ముందుంచుచున్నాను.

రోగికి చెప్పవలెనా?

మొదటి ప్రశ్నకు మొదటనే సమాధానము చెప్పెదను. చెప్పవలెను. ఎందుచేతననగా, ఈ చికిత్సలో సగము పని వైద్యునిదైన సగము పని రోగిది. సూది గ్రుచ్చినచోట మంట పుట్టినచో తక్షణమే నర్సుకు చెప్పవలసినది ఆమె. పదవనాడు వెన్నులో చలి పుట్టినచో ఇంటివారిని పిలువవలసినది ఆమె. బలమునకు మందు ఎక్కించుచున్నారని నమ్మిన మనిషికి ఆ మంటయు, ఆ చలియు ఎంత ముఖ్యములో ఎట్లు తెలియును? అదియునుగాక ఆ వార్డులో అడుగుపెట్టగనే తలలకు గుడ్డలు చుట్టుకొన్న పదిమంది స్త్రీలు కనబడుదురు. ఆమె చదువురానిది కావచ్చును గాని కన్నులు లేనిది కాదు గదా! మనము దాచిన సంగతిని పరాయివారి ముఖములలో చదువుకొనుట కంటె, మన నోట వినుటయే ఆమెకు ధైర్యము.

చెప్పుటలోనొక విధమున్నది. ఒక్కసారిగా అంతయు కుమ్మరింపవలదు. వ్యాధి పేరు, చికిత్స పేరు, ఎన్నాళ్లు సాగునో, మొదటి దినమున ఏమి జరుగునో, ఈ నాలుగు మాటలు చాలును. తక్కినవి ఆమె అడిగినకొలది చెప్పవచ్చును. మా అక్కయ్యకు (తోడికోడలిని నేనట్లే పిలుతును) మా బావగారు ఒక సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట దగ్గర కూర్చుండి చెప్పినారు. ఆమె కొంతసేపు ఏడ్చినది. పిదప, "అయితే పిల్ల పరీక్షలు ముగియువరకు ఆగవచ్చునా?" అని అడిగినది. ఆగరాదని చెప్పగా, "సరే, ఎప్పుడు పోవలెను?" అన్నది. అంతియే.

మందు చేయు పని

మన దేహములోని కణములు నిత్యము పుట్టుచు, పెరుగుచు, నశించుచు ఉండును. దానికొక హద్దున్నది. కేన్సరు కణములకు ఆ హద్దు తెలియదు. అవి అదుపు లేక పెరుగుచుండును. పెరుగుచున్న కణములను పట్టి చంపునవే ఈ మందులు. అయితే మన శరీరములో త్వరత్వరగా పెరుగు మంచి కణములును కొన్ని యున్నవి. వెండ్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, ప్రేగుల పొర, ఎముకల మూలుగలో పుట్టు రక్తకణములు అట్టివి. మందునకు తన పర భేదము తెలియదు గనుక వీనిని కూడ దెబ్బతీయును. జుట్టు ఊడుటయు, నోరు పూయుటయు, విరేచనములగుటయు, రక్తము తగ్గుటయు ఇందువలననే.

కలుపు తీయునప్పుడు వరి దుబ్బులు కూడ కొన్ని నలుగును. నాలుగు దినములు నీరు పెట్టినచో అవి తేరుకొనును. మంచి కణములకు ఆ తేరుకొను శక్తి యున్నది. కేన్సరు కణములకు అది తక్కువ. కావుననే మందునొక్కసారిగా ఈయక, విడతలు విడతలుగా, నడుమ రెండు మూడు వారములు విరామమిచ్చి ఎక్కింతురు. కొన్ని మందులు వారమునకొకసారి ఇచ్చునవి కలవు. నోటితో మ్రింగు మాత్రలును కలవు. శస్త్రచికిత్సకు ముందు గడ్డను తగ్గించుటకు కొందరికి, శస్త్రచికిత్స పిమ్మట దాగియున్న కణములను చంపుటకు కొందరికి, నయము గాని వ్యాధిలో బాధ తగ్గించి ఆయువు పొడిగించుటకు మరికొందరికి ఇత్తురు. ఏ ఉద్దేశముతో ఇచ్చుచున్నారో వైద్యుని అడిగి తెలిసికొనుట మన హక్కు. పొరుగింటి ఆమెకు జరిగినదే మనకును జరుగునని తలపరాదు. మందు వేరు, మోతాదు వేరు, దేహము వేరు.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువారి పాలు గూడ నున్నదని ఎందరు సోదరీమణులకు తెలియునో! 1895లో భీమవరమున జన్మించి అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అక్కడి లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును, దానికి ఎదురు నిలుచు మందులను తయారుచేసిన బృందమునకు నాయకులు. ఆ మందులలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కేన్సరు గల పిల్లలకు ఇచ్చి, పదునారుగురిలో పదిమందికి కొంతకాలము ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. ఆ కుటుంబములోనిదే అయిన మెథోట్రెక్సేట్ అను మందుతో, గర్భిణీస్త్రీల మాయలో నుండి పుట్టు ఒక కేన్సరును పూర్తిగా నయము చేయవచ్చునని 1956లో తేలినది. ఆ మందు నేటికిని వాడుకలో నున్నది. మనలను భయపెట్టు ఈ చికిత్స మనవాడొకడు పాటుపడి లోకమునకిచ్చిన వరములలో చేరినదని తలంచిన కొంత బెరుకు తగ్గకపోదు.

మందు ఎక్కించు దినము

ముందుగా రక్తపరీక్ష చేయుదురు. తెల్లకణములు తగినన్ని లేనిచో ఆనాటికి చికిత్స ఆపి మరియొక వారము గడువిత్తురు. అట్లు వెనుకకు పంపినప్పుడు వ్యాధి ముదిరినదని దిగులుపడవలదు. అది జాగ్రత్త మాత్రమే. పిదప ఎత్తు, బరువు చూచి మోతాదు లెక్కకట్టుదురు. కావున ప్రతి విడతకును బరువు చూచుట తప్పదు.

కుర్చీలోనో మంచము మీదనో కూర్చుండబెట్టి చేతి నరమునకు సూది పెట్టుదురు. పెక్కు విడతలు కావలసినవారికి మెడక్రింద చర్మము లోపల చిన్న డబ్బీ వంటి పోర్టును అమర్చుదురు. నరములు చెడిపోకుండుటకు అది మేలు. మొదట వాంతులు రాకుండుటకును, మందు పడకపోవుట జరుగకుండుటకును సూదులు ఇచ్చి, పిదప అసలు మందు ఎక్కింతురు. అరగంట మొదలు దినమంతయు పట్టునవి వరకు కలవు. సాధారణముగా ఆ సాయంకాలమే ఇంటికి పంపుదురు.

మా అక్కయ్యకు మొదటి నాలుగు విడతలు మూడేసి వారములకొకటి చొప్పున డాక్సోరుబిసిన్ అను ఎఱ్ఱని మందును, దానితో మరియొక మందును ఇచ్చిరి. పిమ్మట పండ్రెండు వారములు వారమునకొకసారి పాక్లిటాక్సెల్ ఇచ్చిరి. ఆ ఎఱ్ఱమందు ఎక్కిన సాయంకాలము మూత్రము ఎఱ్ఱగా వచ్చును. అది రక్తము గాదు, మందు రంగే. ఒకటి రెండు దినములలో పోవును. ఈ సంగతి మాకు ముందుగా తెలియనందున ఆ రాత్రి మా ఇంట ఎవ్వరును నిద్రపోలేదు. మీకట్లు కాకూడదని వ్రాయుచున్నాను.

మందు ఎక్కుచుండగా సూది యొద్ద మంట, వాపు, నొప్పి తోచినను, ఊపిరి ఆడకపోయినను, ఛాతి బిగిసినను, ఒడలు దురద పుట్టినను ఆ క్షణముననే చెప్పవలెను. కొన్ని మందులు నరము వెలికి పోయినచో చర్మమును కాల్చివేయును. "పాపము, నర్సమ్మ పనిలో నున్నది, కొంచెము ఆగుదము" అను మొగమాటము ఇచ్చట పనికిరాదు.

ఇరువదియొక్క దినముల లెక్క

మూడు వారముల విడతకు ఒక క్రమమున్నది. ఆ క్రమము తెలిసినచో సగము భయము తీరును. క్యాలెండరు మీద మందు ఎక్కిన దినమును ఒకటిగా లెక్కించి గుర్తుపెట్టుకొనుడు.

మొదటి మూడు నాలుగు దినములు వికారము, నీరసము. వాంతుల మాత్రలు వాంతి వచ్చిన పిమ్మట వేసికొనునవి కావు, రాకముందే గడియారము చూచి వేసికొనవలసినవి. ఇవి సరిగా వాడినచో నేటి రోజులలో పెక్కుమందికి వాంతులు అదుపులో నుండును. ఈ మాత్రల వలన మలబద్ధము కలుగుట సహజము. నీరు, మజ్జిగ విరివిగా త్రాగవలెను.

అయిదవనాటి నుండి నోటి పూత ఆరంభము కావచ్చును. మెత్తని బ్రష్షు వాడుడు. గోరువెచ్చని నీటిలో ఉప్పును, వంటసోడాను చిటికెడేసి కలిపి దినమునకు నాలుగైదు మారులు పుక్కిలింపవలెను. ఆవకాయ, పండుమిరప, వేడివేడి పులుసులు ఈ దినములలో శత్రువులు. పెరుగన్నము, పలుచని పప్పు, బాగుగా ఉడికిన గుడ్డు, సగ్గుబియ్యపు జావ, మెత్తని ఇడ్లీ మిత్రులు.

ఏడవనాటి నుండి పదునాలుగవనాటి వరకు రక్తములోని తెల్లకణములు మిక్కిలి తగ్గును. ఇవియే మన దేహమునకు కావలివాండ్రు. కావలి లేని ఇంటికి దొంగ వచ్చినట్లు ఈ దినములలో చిన్న సూక్ష్మజీవి వచ్చినను ప్రాణము మీదికి వచ్చును. దీనిని గూర్చి విడిగా చెప్పెదను.

పదునైదవనాటి నుండి మనిషి తేరుకొనును. ఆకలి వచ్చును, ముఖము తేటపడును. ఇంతలో మరల ఆసుపత్రి దినము వచ్చును. విడతలు గడచినకొలది నీరసము హెచ్చుట సహజము. దినమంతయు పరుండుట వలన అది తగ్గదు. వాకిటిలో పదినిమిషములు మెల్లగా నడచుట మంచిదని వైద్యులందురు.

నా పొరపాటు

అది శ్రావణమాసము. అక్కయ్యకు రెండవ విడత అయి పదవదినము. మరునాడు వరలక్ష్మీవ్రతము. మా ఆడబిడ్డలు పిల్లలతో వచ్చియుండిరి. గారెలకు పప్పు నానబోసి రుబ్బుకొనుచు నేను వంటయింట నుంటిని. రాత్రి ఎనిమిది గంటలకు అక్కయ్య వచ్చి, "కొంచెము చలిగానున్నది, దుప్పటి ఏది?" అని అడిగినది. చేయి పట్టి చూడగా వెచ్చగా నున్నది. జ్వరము వచ్చినచో వెంటనే రమ్మని ఆసుపత్రివారు చీటీపై వ్రాసియిచ్చిన మాట నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ మాట పైకి అన్నాను కూడ. దానికామె, "వానకు తడిసినాను, అదే. పండుగపూట ఇంటిల్లిపాదిని లేపి ఆసుపత్రికి పరుగెత్తించుట ఎందుకు? ఒక మాత్ర ఇమ్ము, ఓర్చుకొందును" అన్నది. నేనొక జ్వరపు మాత్ర ఇచ్చితిని. గంటకు ఒడలు చల్లబడినది. నేను ఊరడిల్లి గారెల పిండి వైపు పోయితిని.

తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆమె పడక అదరిపోవునట్లు వణుకుచున్నది. మాట తడబడుచున్నది. రక్తపు పోటు పడిపోయినదని ఆసుపత్రిలో చెప్పిరి. తెల్లకణములు దాదాపు లేవు. వ్రతము దినమున మా బావగారును నేనును ఆసుపత్రి వరండాలో కూర్చుంటిమి. ఆరు దినములు నరములోనికి మందులు ఎక్కించిన పిమ్మట ఆమె మనకు దక్కినది. వైద్యురాలు నన్ను కసురలేదు. "మాత్ర ఇచ్చుట వలన జ్వరము దాగినది గాని రోగము ఆగలేదు. మరి నాలుగు గంటలు ఆలస్యమైనచో ఏమనుటకును లేదు" అని మాత్రము చెప్పినది. కసిరినను నాకంత బాధ కలిగియుండదు.

సోదరీమణులారా! స్త్రీ క్షమలో భూదేవి వంటిదై యుండవలెనని మనకు ఉగ్గుపాలతో నేర్పినారు. నేను దానిని తూలనాడుటలేదు. సంసారములో ఎన్నో చోట్ల ఓర్పే మనలను గట్టెక్కించును. కాని ఈ చికిత్సలో ఓర్పునకు తగని తావు ఒకటున్నది, అది జ్వరము. ఇచ్చట ఓర్చుకొన్నది సాధ్వి కాదు, చెప్పినది సాధ్వి. ఇంటివారికి శ్రమ యని దాచిన జ్వరము ఆ ఇంటికే తీరని శ్రమ తెచ్చిపెట్టును.

కావున ఇంట థర్మామీటరు తప్పక ఉంచుకొనుడు. ఫారన్‌హీటు లెక్కన 100.4 డిగ్రీలు, సెంటీగ్రేడు లెక్కన 38 డిగ్రీలు వచ్చినచో అర్ధరాత్రి యైనను, పండుగ యైనను, ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరవలెను. వారితో చెప్పకముందు పారాసిటమాల్ మాత్ర వేయరాదు. జ్వరము లేకున్నను వణుకు పుట్టినను, స్పృహ మందగించినను, రక్తము కారినను, విరేచనములు ఆగకున్నను, నీరు కూడ కడుపులో నిలువకున్నను అదే విధి. ఆసుపత్రికి పోయినవెంటనే "కీమో తీసికొనుచున్నది, ఇన్నవ దినము" అని మొదటి మాటగా చెప్పవలెను. వరుసలో కూర్చుండరాదు. తెల్లకణములు త్వరగా పెరుగుటకు కొందరికి చర్మము క్రింద సూదులు ఇత్తురు. మా అక్కయ్యకు తరువాతి విడతలలో అట్లిచ్చిరి. మరల జ్వరము రాలేదు.

జుట్టు సంగతియు, మరికొన్నియు

అన్ని మందులకును జుట్టు ఊడదు. ఊడు మందైనచో మొదటి విడత అయిన రెండు మూడు వారములకు దువ్వెనకు కుచ్చులుగా వచ్చును. కనుబొమలు, కనురెప్పల వెండ్రుకలు కూడ రాలవచ్చును. ముందుగానే జుట్టు పొట్టిగా కత్తిరించుకొన్నచో ఆ దుఃఖము కొంత తగ్గునని కొందరందురు. మా అక్కయ్య మోకాళ్ల వరకు జడ గలది. ఆమె కత్తిరించుకొన ఒప్పుకొనలేదు. రాలిన దినమున తలుపు వేసికొని ఏడ్చినది. "జుట్టే గదా, మరల వచ్చును" అని నేనన్నమాట ఆమెకు నచ్చలేదని ముఖము చూచి గ్రహించితిని. అట్టి సమయమున ఊరడింపు మాటలకంటె ప్రక్కన ఊరక కూర్చుండుట మేలు. సుమంగళికి తల బోడియగుట మన ఇండ్లలో ఎంత మాటయో మనకు తెలియనిది కాదు. పేరంటములకు పిలువకుండుట, ఎదురు వచ్చినదని ముఖము త్రిప్పుకొనుట వంటి పనులు చేయువారు తమ పాపమును తామే మూటగట్టుకొందురు. చికిత్స ముగిసిన కొద్ది వారములకే నూగు మొలచినది. మొదట ఉంగరములు తిరిగి వచ్చినది. నేడు ఆమె జడ వేసికొనుచున్నది.

కొన్ని మందులకు చేతివ్రేళ్లు, కాలివ్రేళ్లు తిమ్మిరెక్కును. చెప్పులు జారిపోయినను, రవిక గుండీ పెట్టుకొనుట కష్టమైనను వైద్యునికి చెప్పవలెను, మోతాదు మార్చుదురు. వేడి గిన్నె తగిలినను తెలియదు గనుక పొయ్యి యొద్దకు పోనీయరాదు. మతిమరుపు కొంత కలుగును. అది పిచ్చి కాదు, చాలమందికి మెల్లగా సర్దుకొనును. ఋతువు తప్పవచ్చును, కొందరికి తిరిగి రాకపోవచ్చును. తప్పినది గదాయని గర్భము రాదని నమ్మరాదు. చికిత్సకాలమున గర్భము ధరింపకుండ జాగ్రత్తపడవలెను. ఇకముందు బిడ్డలు కావలెననుకొను పడుచులు ఈ మాటను మొదటి విడతకు ముందే సిగ్గు విడిచి వైద్యునితో చెప్పవలెను. తరువాత చెప్పిన ప్రయోజనము తక్కువ.

ఇంటిలో పాటింపవలసినవి

కేన్సరు అంటురోగము కాదు. ఆమె కంచము వేరు, మంచము వేరు చేయుట తప్పు. బిడ్డలు ఆమె ఒడిలో కూర్చుండవచ్చును. భయమంతయు మననుండి ఆమెకే గాని ఆమెనుండి మనకు కాదు. జలుబు, దగ్గు, అమ్మవారు పోసినవారు ఆమె దరికి రాకూడదు. చూడవచ్చువారు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఒక్క విషయమున మాత్రము మనము జాగ్రత్తపడవలెను. మందు ఎక్కిన రెండు దినములు మూత్రములోను, వాంతిలోను మందు అంశము ఉండును. కావున ఆ నలుబదియెనిమిది గంటలు మరుగుదొడ్డిలో నీరు రెండుమారులు పోయవలెను. మైలపడిన బట్టలను చేతులకు తొడుగులు వేసికొని విడిగా ఉతుకవలెను. ఇంట గర్భిణి యున్నచో ఆ పని ఆమెచేత చేయింపరాదు. ఇది మైల గాదు, మందు జాగ్రత్త. రెండును ఒకటి గావని ఇంట పెద్దలకు వివరింపుడు.

వంటలో కాచి చల్లార్చిన నీరు, అప్పుడు వండిన అన్నము, తొక్క ఒలుచు పండ్లు మేలు. పచ్చి కూరల ముక్కలు, బజారు పండ్లరసములు, నిన్నటి కూర, పచ్చిపాలు కూడవు. పత్యమని చెప్పి పప్పు, గుడ్డు, పాలు మాన్పించి చారన్నముతో సరిపెట్టుట పెద్ద తప్పు. కరిగిన కండను తిరిగి కట్టుటకు మాంసకృత్తులు కావలెను. బంధువులు చెప్పిన ఆకుపసరులు, బూడిదలు, లేహ్యములు వైద్యునికి చెప్పక ఇయ్యరాదు. కొన్ని మందులతో అవి కలిసి కాలేయమును చెరచును. నాటువైద్యము నమ్మి అసలు చికిత్స మధ్యలో మానివేయుట అన్నిటికంటె ప్రమాదము.

ఖర్చు మాట కూడ చెప్పవలెను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేర్లు మారుచు రెండు తెలుగు రాష్ట్రములలోను నేటికిని నడచుచున్నది. అర్హులైనవారికి అందులో కీమోథెరపీ గూడ చేరియున్నది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు పేర వెలసిన ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి గలదు. నగలు అమ్ముటకు ముందు ఆసుపత్రిలోని పథకపు సహాయకుని అడుగుడు. అడుగుటలో చిన్నతనము లేదు.

ముగింపు

జాబు వ్రాసిన సోదరీ! నీ తల్లిగారికి నిజము చెప్పుము. క్యాలెండరు ఒకటి గోడకు తగిలించి దినములు గుర్తుపెట్టుము. ఆసుపత్రివారి రాత్రివేళ ఫోను నెంబరు పెద్ద అక్షరములతో వ్రాసి దాని ప్రక్కన అతికింపుము. థర్మామీటరు తలగడ యొద్ద ఉంచుము. వాంతుల మాత్రలు వేళకు ఇమ్ము. నీవొక్కతెవే అన్నియు మోయక, మీ అన్నయ్యకు రక్తపరీక్షల పని, నాన్నగారికి మాత్రల పని అప్పగింపుము. మగవారు చేయరని మనమే అనుకొందుము గాని, మా బావగారు ఆరు మాసములు ఒక పుస్తకములో ఉదయము సాయంకాలము జ్వరము కొలత వ్రాసినారు. ఆ పుస్తకము నేటికిని మా ఇంట నున్నది.

అమ్మగారితో ఒక ఒప్పందము చేసికొనుము. "అమ్మా, నీవు తక్కినవి ఎన్నైనను ఓర్చుకొనుము, చలి పుట్టినచో మాత్రము నన్ను లేపుము" అని చేతిలో చేయి వేయించుకొనుము. మా అక్కయ్య ఇప్పుడు ఆరు మాసములకొకసారి పరీక్షకు పోవుచున్నది. వెనుకటి శ్రావణమున వ్రతమునకు గారెలు ఆమెయే వండినది. నడుమ ఒకమారు తుమ్మినది. నేను వెంటనే థర్మామీటరు తెచ్చితిని. ఆమె నవ్వి, నోరు తెరచినది.

మీ తల్లిగారికి స్వస్థత చేకూరుగాక! విడతలు గడచినకొలది జాబు వ్రాయుచుండుము. వచ్చే మాసమున వానకాలపు జ్వరములను గూర్చి ముచ్చటించుకొందము.